ఎస్‌క్యూఎల్‌కి ఏ పని ఇవ్వాలి, కోడ్‌లో ఏది రాసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు జావాలో రెండేళ్లుగా పనిచేస్తున్నారు. మీ నెలాఖరు రిపోర్టు గంటన్నర నడుస్తోంది. టీమ్‌లో ఒక సీనియర్ లెక్కలన్నీ ఎస్‌క్యూఎల్‌లోకి, అంటే డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాషలోకి, మార్చమంటారు. ఇంకొకరు డేటాబేస్ పని డేటా దాచడం వరకేనని, లాజిక్ అంతా కోడ్‌లోనే ఉండాలని అంటారు. అసలు ఎస్‌క్యూఎల్ ప్రోగ్రామింగ్ భాషేనా, లోతుగా నేర్చుకోవడానికి టైమ్ పెట్టొచ్చా, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, పాతబడిపోయిందంటున్నారు నిజమేనా, దాని బదులు పాండాస్ (డేటా లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ) చాలదా, జాయిన్లు, గ్రూప్ బై వచ్చు కాబట్టి ఇక ఏ క్రమంలో నేర్చుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. నేర్చుకోండి, లోతుగానే నేర్చుకోండి. ఏది ఎక్కడ రాయాలో తేల్చుకోవడానికి నేను వాడే కొలత ఒకటుంది: రికార్డుల గుంపు మొత్తం మీద వేసే ప్రశ్న అయితే ఎస్‌క్యూఎల్. ముందు అడుగు ఫలితం తేలితే తప్ప తర్వాతి అడుగు వేయలేని పని అయితే కోడ్. తప్పుడు డేటా లోపలికి రాకుండా ఆపే నియమాలు మాత్రం ఎప్పుడూ డేటాబేస్‌లోనే. మీ సీనియర్లిద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. ఏ సగం ఎక్కడ వర్తిస్తుందో తెలుసుకోవడమే మీ పని.

నేను చాలా ఏళ్లుగా మందుల హోల్‌సేల్ వ్యాపారులకు, చిన్న ఫైనాన్స్ సంస్థలకు బిల్లింగ్, స్టాక్ సిస్టమ్‌లు కట్టి నడుపుతున్నాను. ఉదాహరణలు అక్కడివే ఇస్తాను.

ముందు కొంచెం చరిత్ర, ఎందుకంటే బలమూ పరిమితీ రెండూ అక్కడి నుంచే వచ్చాయి. 1960ల చివర్లో డేటాబేస్ అంటే ఐబీఎమ్ వారి ఐఎమ్ఎస్ లాంటివి. కస్టమర్ రికార్డు నుంచి ఆర్డరుకు, ఆర్డరు నుంచి ఐటమ్‌కు, ఏ దారిలో వెళ్లాలో ప్రోగ్రామరే రాయాలి. డేటా అమరిక మారితే ప్రోగ్రామ్ తిరగరాయాలి. 1970లో ఎడ్గర్ కాడ్ ఐబీఎమ్ శాన్ హోసే ల్యాబ్‌లో పనిచేస్తూ ఒక పేపర్ ప్రచురించారు. డేటాను టేబుల్స్‌గా చూడండి, ఏం కావాలో చెప్పండి, దాన్ని ఎలా తేవాలో సిస్టమ్‌కి వదిలేయండి అన్నది అందులోని ఆలోచన. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ దానికి ఇంగ్లీషు వాక్యంలా చదువుకోదగ్గ భాష తయారుచేశారు. మనం ఇప్పుడు ఎస్‌క్యూఎల్ అంటున్నది అదే. "ఎలా తేవాలి" అన్న భారం మోసే భాగం ఆప్టిమైజర్. 1979లో ప్యాట్రీషియా సెలింజర్ బృందం ఐబీఎమ్ వారి ప్రయోగాత్మక డేటాబేస్ సిస్టమ్ ఆర్ కోసం రాసిన పద్ధతే, అంటే ఒక్కో దారికి ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టి చవకైనది ఎంచుకోవడమే, నేటికీ చాలా డేటాబేస్‌ల గుండెకాయ.

కాబట్టి ఎస్‌క్యూఎల్ రాసేటప్పుడు మీరు లూప్ రాయడం లేదు, ఫలితం ఎలా ఉండాలో వర్ణిస్తున్నారు. వెయ్యి రికార్డులున్న రోజు రాసిన క్వెరీ (ఎస్‌క్యూఎల్‌లో అడిగే ప్రశ్న), కోటి రికార్డులయ్యాక కూడా అక్షరం మార్చకుండా నడుస్తుంది. ఇండెక్స్ (రికార్డులను త్వరగా వెతికే సూచిక) పెడితే అదే క్వెరీ దారి మార్చుకుంటుంది. జావాలో రాసిన లూప్ అలా మారదు. మీరు ఏ దారి రాశారో అదే దారిలో పోతుంది.

ఇది ఎంత బలమో ఒక లెక్కతో చూపిస్తాను. మందుల హోల్‌సేల్‌లో ఒకే మందు వేర్వేరు బ్యాచ్‌లుగా ఉంటుంది, ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో ఎక్స్‌పైరీ. ముందు ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచ్ ముందు పోవాలి. ఒక మెడికల్ షాపు 100 స్ట్రిప్పులు అడిగింది. మన దగ్గర మార్చి ఎక్స్‌పైరీ 40, జూన్ ఎక్స్‌పైరీ 35, సెప్టెంబరు ఎక్స్‌పైరీ 50 ఉన్నాయి. కోడ్ రాసేవారు వెంటనే లూప్ రాస్తారు: మొదటి బ్యాచ్ నుంచి 40 తీసుకో, ఇంకా 60 కావాలి, రెండోదాని నుంచి 35 తీసుకో, ఇంకా 25 కావాలి, మూడోదాని నుంచి 25.

ఇదే పనిని గుంపుగా చూడండి. ఎక్స్‌పైరీ క్రమంలో పెట్టి, ప్రతి బ్యాచ్ పక్కన దానికంటే ముందున్న బ్యాచ్‌ల మొత్తం రాసుకోండి: 0, 40, 75. విండో ఫంక్షన్‌తో, అంటే చుట్టూ ఉన్న రికార్డులను కూడా చూస్తూ ప్రతి రికార్డుకీ లెక్క వేసే ఎస్‌క్యూఎల్ సదుపాయంతో, సమ్ వేస్తే ఈ కాలమ్ వస్తుంది. కావలసిన 100లోంచి దాన్ని తీసేస్తే ఆ బ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎంత కావాలో తెలుస్తుంది: 100, 60, 25. ఆ సంఖ్య, బ్యాచ్‌లో ఉన్న స్టాక్, రెండింటిలో చిన్నది తీసుకోండి: 40, 35, 25. నాలుగో బ్యాచ్ ఉంటే దాని దగ్గర మిగిలింది మైనస్ 25 వస్తుంది, దాన్ని సున్నా చేయాలి, అంతే. పార్టిషన్ బై (ఏ గుంపుకి ఆ గుంపు విడిగా లెక్క వేయమనే భాగం) దగ్గర మందు ఐడీ పెడితే, బిల్లులో 60 ఐటమ్‌లున్నా అన్నింటికీ ఒకే క్వెరీలో బ్యాచ్‌లు పడతాయి.

నేను చూసిన ఒక సిస్టమ్‌లో ఇదే పనికి ఐటమ్‌కి ఒక క్వెరీ, బ్యాచ్‌కి ఒక అప్‌డేట్ వెళ్లేవి. ఒక బిల్లు వరకు తేడా కనిపించదు. నెలాఖరులో అన్ని బిల్లుల మీద మార్జిన్ లెక్క వేయమన్నప్పుడు తెలుస్తుంది. అప్లికేషన్ నుంచి డేటాబేస్‌కి ఒక రాకపోక 1 మిల్లీసెకను అనుకున్నా, లక్ష రాకపోకలకి 100 సెకన్లు దారిలోనే పోతాయి, అసలు పని మొదలవకుండానే. మీ గంటన్నర రిపోర్టులో కూడా ఇదే జరుగుతోందని నా అనుమానం. హైబర్నేట్ లాంటి ఓఆర్ఎమ్ (జావా ఆబ్జెక్టులను టేబుల్స్‌తో కలిపే లైబ్రరీ) వాడుతుంటే మరీ సులువుగా జరుగుతుంది. పైకి ఆర్డర్ మీద ఒక గెట్టర్ పిలిచినట్టే ఉంటుంది, కింద ప్రతి ఆర్డరుకీ ఒక సెలెక్ట్ (డేటా చదివే క్వెరీ) పోతుంది. దీన్నే ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు. లాగ్‌లో క్వెరీలు ప్రింట్ అయ్యేలా సెట్టింగ్ పెట్టి ఒక్కసారి రిపోర్టు నడపండి. ఒకే సెలెక్ట్ ఐడీ మాత్రం మారుతూ వేలసార్లు కనిపిస్తే, దాన్ని ఒక జాయిన్ (టేబుల్స్ కలపడం), ఒక గ్రూప్ బై (గుంపులవారీగా మొత్తాలు తీయడం)గా మార్చండి.

బ్యాచ్ లెక్క విషయంలో ఒక జాగ్రత్త. ఇద్దరు క్లర్కులు ఒకే క్షణంలో ఒకే మందుకి బిల్లు కొడితే ఇద్దరికీ అవే 40 స్ట్రిప్పులు కనిపిస్తాయి. కాబట్టి ఆ బ్యాచ్ రికార్డులను ముందు సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేసి, అదే ట్రాన్సాక్షన్‌లో (మొత్తం జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదనే పనుల కట్టలో) తర్వాత లెక్క వేయాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో విండో ఫంక్షన్ ఉన్న క్వెరీకే నేరుగా ఫర్ అప్‌డేట్ తగిలించనివ్వదు, అందుకే రెండు మెట్లు. లాక్ చేసేటప్పుడు ఎప్పుడూ ఐడీ క్రమంలోనే చేయండి. లేకపోతే ఒకరి కోసం ఒకరు ఆగిపోయి డెడ్‌లాక్ వస్తుంది.

రెండో బలం కాపలా. నా దృష్టిలో ఇది వేగం కంటే ముఖ్యమైనది. మీ సిస్టమ్‌లో ఇవాళ ఒక జావా అప్లికేషన్ ఉండొచ్చు. రేపు మొబైల్ యాప్ వస్తుంది, ఎల్లుండి ఎవరో ఎక్సెల్ నుంచి నేరుగా అప్‌లోడ్ చేసే స్క్రిప్ట్ పెడతారు. కోడ్‌లో రాసిన నియమం ఆ కోడ్ గుండా వచ్చేవాటికే వర్తిస్తుంది. టేబుల్ మీద పెట్టిన నియమం అందరికీ వర్తిస్తుంది.

ఫంక్షన్ హాల్ బుకింగ్ తీసుకోండి. ముహూర్తాల సీజన్‌లో ఒకే హాల్‌కి ఒకే రోజు రెండు పెళ్లిళ్లు రాసుకుంటే ఎంత గొడవో మనకు తెలుసు. కోడ్‌లో "ఈ టైమ్‌లో వేరే బుకింగ్ ఉందా" అని చూసి, లేకపోతే ఇన్సర్ట్ చేస్తారు. చూడటానికీ ఇన్సర్ట్‌కీ మధ్య ఉన్న ఆ కొద్ది క్షణాల్లోనే రెండో కౌంటర్ వాళ్లు కూడా చూసేస్తారు. ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది. టెస్టింగ్‌లో ఇది ఎప్పటికీ బయటపడదు, రద్దీ రోజున బయటపడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో రేంజ్ టైప్‌తో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ పెడితే ఒకే హాల్‌కి టైమ్ అతివ్యాపించే రెండో రికార్డు అసలు పడదు. ఎవరు ఏ దారిలో వచ్చినా పడదు. స్టాక్ కూడా అంతే. ముందు స్టాక్ చదివి, జావాలో తీసేసి, మళ్లీ రాయకండి. ఒకే అప్‌డేట్‌లో క్వాంటిటీలోంచి 5 తీసేయండి, వేర్ (షరతు రాసే భాగం) దగ్గర క్వాంటిటీ 5 కంటే తక్కువ కాకూడదని పెట్టండి. ఎన్ని రికార్డులు మారాయో చూడండి. సున్నా వస్తే స్టాక్ లేనట్టు.

ఇక పరిమితులు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎస్‌క్యూఎల్ బాగా వచ్చినవాళ్లే అన్నీ అందులో ఇరికించి మిగతావాళ్లను ఇబ్బంది పెడతారు.

మొదటి పరిమితి: ముందు రికార్డులో తేలిన ఫలితం కావలసిన లెక్కలు. బ్యాచ్ ఉదాహరణ చూసి "వరుసగా చేసే పనులన్నీ విండో ఫంక్షన్‌తో అయిపోతాయి" అనుకోకండి. అక్కడ మనకు కావలసింది ముందు బ్యాచ్‌ల స్టాక్, అది టేబుల్‌లో అప్పటికే ఉంది. అప్పు ఖాతా చూడండి. లక్ష రూపాయల అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. కట్టిన డబ్బు ముందు వడ్డీకి పోవాలి, మిగిలింది అసలుకి. కట్టని వడ్డీ పక్కన నిలవ ఉంటుంది, దాని మీద మళ్లీ వడ్డీ లేదు. మొదటి నెల వడ్డీ 2,000. కట్టింది 5,000. అసలు 97,000కి దిగింది. రెండో నెల వడ్డీ 1,940, కట్టింది 1,000 మాత్రమే, 940 నిలవ ఉండిపోయింది. మూడో నెల కొత్త వడ్డీ 1,940, పాత నిలవతో కలిపి 2,880. కట్టింది 10,000. అందులో 7,120 అసలుకి పోయి 89,880 మిగిలింది.

మూడో నెల వడ్డీ ఎంతో తెలియాలంటే రెండో నెల చివర అసలు ఎంతో తెలియాలి. అది టేబుల్‌లో లేదు, లెక్క వేస్తే తప్ప పుట్టదు. మధ్యలో "వడ్డీ కంటే తక్కువ కడితే" అన్న షరతు ఉంది కాబట్టి ఒక సూత్రంలోకి కుదించడమూ కుదరదు. విండో ఫంక్షన్‌కి తన సొంత ముందు ఫలితం కనిపించదు. ఎస్‌క్యూఎల్ 1999 ప్రమాణంలో వచ్చిన రికర్సివ్ విత్‌తో (తన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడిచే క్వెరీతో) చేయొచ్చు, నేను చేసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆరు నెలల తర్వాత పాలసీ మారి, పెనాల్టీ ఒకటి, సెలవుల గ్రేస్ పీరియడ్ ఒకటి కలిపితే ఆ క్వెరీ ఎవరూ ముట్టుకోలేని స్థితికి వస్తుంది. ఇదే జావాలో పదిహేను లైన్ల లూప్. దానికి యూనిట్ టెస్టులు రాయొచ్చు, ఆడిటర్‌కి స్టెప్పు స్టెప్పు చూపించొచ్చు. ఖాతాల డేటా ఒకే క్వెరీతో తెచ్చుకోండి, లెక్క కోడ్‌లో వేయండి, ఫలితాలు ఒకేసారి గుంపుగా రాసేయండి.

మీ రిపోర్టులో ఉన్న లెక్కలను ఈ కొలతతో వేరుచేయండి: కావలసిన విలువ టేబుల్‌లో ఉందా, లేక ముందు లెక్కలోంచి పుట్టాలా?

దారులు వెతికే పనులు కూడా ఈ కోవలోవే. గ్రామం, మండలం, జిల్లా లాంటి చెట్టు ఆకారపు డేటాకి రికర్సివ్ విత్ చక్కగా సరిపోతుంది. విజయవాడ నుంచి భద్రాచలానికి రోడ్ల నెట్‌వర్క్‌లో దగ్గరి దారి కావాలంటే సరిపోదు. దగ్గరి దారి వెతికే డైక్‌స్ట్రా పద్ధతికి ఇప్పటిదాకా చూసిన ఊళ్ల జాబితా, వాటిలో అతి దగ్గరిది తీసే క్యూ కావాలి. రికర్సివ్ క్వెరీకి అవి పెట్టుకునే చోటు లేదు, అందుకే అన్ని దారులూ పరుచుకుంటూ పోయి మెమరీ తినేస్తుంది. దీనికి పీజీరౌటింగ్ లాంటి ఎక్స్‌టెన్షనో, నియోఫోర్‌జే లాంటి గ్రాఫ్ డేటాబేసో, కోడో వాడండి.

రెండోది: పేర్లు, అక్షరాలు. తెలుగువాళ్ల డేటాతో పనిచేసేవాళ్లకి ఇది రోజూ ఎదురయ్యే తలనొప్పి. ఒకే మనిషి ఒక లిస్టులో ఇంటిపేరు ముందు, ఇంకో లిస్టులో ఇంటిపేరు పొట్టక్షరంగా, మూడోదాంట్లో ఇంటిపేరు చివర. ఎల్లయ్య పేరు ఇంగ్లీషులో ఒకరు వైతో మొదలుపెడతారు, ఇంకొకరు ఈతో. డేటాబేస్‌లు ఇచ్చే సౌండెక్స్ ఫంక్షన్ ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది. మొదటి అక్షరాన్ని అది అలాగే ఉంచేస్తుంది కాబట్టి ఈ రెండు ఎల్లయ్యలు ఎప్పటికీ కలవరు. తెలుగు లిపిలో ఉన్న పేర్లకైతే అది పనికే రాదు. ఇలాంటి పనికి పైథాన్‌లో మీ జిల్లా పేర్లకు తగ్గ నియమాలు రాసుకుని, పేరుతో పాటు ఫోన్ నంబరు, ఊరు కలిపి స్కోరు వేసి, అనుమానం ఉన్నవి మనిషి చూసి తేల్చాలి. ఎస్‌క్యూఎల్ పాత్ర ఇక్కడ మొదటి జల్లెడ వరకే. ఒకే పిన్‌కోడ్‌లో ఉన్నవాళ్లనే జతలుగా తీసి ఇవ్వడం లాంటిది.

ఇదే సందర్భంలో ఇంకో సంగతి. శ్రీ అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో 4 సంకేతాలు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. ఒరాకిల్ డేటాబేస్‌లో టెక్స్ట్ కాలమ్‌కి వర్‌క్యార్2 30 అని రాస్తే, సెట్టింగ్ మార్చకపోతే, అది 30 బైట్లు. అంటే తెలుగులో 10 సంకేతాలే పడతాయి, వెంకటేశ్వర్లు అన్న పేరే పట్టదు. కాలమ్ డిక్లేర్ చేసేటప్పుడే 30 పక్కన క్యార్ అని స్పష్టంగా రాయండి.

మూడోది నల్, అంటే విలువ నమోదు కాని గడి. ఎస్‌క్యూఎల్‌లో అవును, కాదు మాత్రమే కాకుండా "తెలియదు" అనే మూడో జవాబు ఉంది. జావా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తప్పకుండా జారతారు. "ఈ నెల బిల్లు లేని కస్టమర్లు" కావాలని నాట్ ఇన్‌తో రాశారనుకోండి. బిల్లుల టేబుల్‌లో ఒక్క రికార్డుకి కస్టమర్ ఐడీ నల్ ఉన్నా చాలు, మొత్తం ఫలితం ఖాళీ వస్తుంది. ఆ నల్ మన కస్టమరే కావచ్చు కదా, తెలియదు, కాబట్టి ఎవరినీ చూపించదు. ఎర్రర్ రాదు, అదే ప్రమాదం. నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి, ఆ చిక్కు ఉండదు. కాలమ్‌లు వీలైనన్ని నాట్ నల్‌గా పెట్టండి.

నాలుగోది, అన్నిటికంటే లోతైనది: దారి మన చేతిలో లేకపోవడం. మొదట ఏది బలమని చెప్పానో అదే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. నిన్నటిదాకా 2 సెకన్లలో వచ్చిన రిపోర్టు ఒక ఉదయం 20 నిమిషాలైనా రాదు. కోడ్ మారలేదు, క్వెరీ మారలేదు. ఆప్టిమైజర్ దారి మార్చుకుంది. దానికి కారణం చాలాసార్లు తప్పు అంచనా.

ఒక నిజమైన నమూనా చెప్తాను. కస్టమర్ల టేబుల్‌లో జిల్లా గుంటూరు, మండలం తెనాలి అని రెండు షరతులు పెట్టారు. గుంటూరు జిల్లా వాళ్లు టేబుల్‌లో 20లో ఒక వంతు, తెనాలి వాళ్లు 400లో ఒక వంతు అనుకోండి. తెనాలి గుంటూరులోనే ఉందని మనకు తెలుసు, కాబట్టి జవాబు 400లో ఒక వంతే. ఆప్టిమైజర్‌కి ఆ సంబంధం తెలియదు. రెండూ విడివిడి విషయాలనుకుని గుణిస్తుంది, 8,000లో ఒక వంతు అనుకుంటుంది. అంటే ఇరవై రెట్లు తక్కువ. కొన్ని రికార్డులే వస్తాయి కదా అని నెస్టెడ్ లూప్ జాయిన్ (ఒక్కో రికార్డుకీ విడిగా వెతికే పద్ధతి) ఎంచుకుంటుంది. నిజంగా ఇరవై రెట్లు వచ్చేసరికి కూర్చుండిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి క్రియేట్ స్టాటిస్టిక్స్ అని ఒక సదుపాయం ఉంది, ఈ రెండు కాలమ్‌లకీ సంబంధం ఉందని దానికి చెప్పొచ్చు.

అందుకే ఎక్స్‌ప్లెయిన్ (ఆప్టిమైజర్ ఎంచుకున్న దారిని చూపించే ఆదేశం) చదవడం రానివారికి ఎస్‌క్యూఎల్ సగమే వచ్చినట్టు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఇచ్చే దాంట్లో అంచనా రికార్డులు, నిజంగా వచ్చిన రికార్డులు, ఈ రెండు సంఖ్యలే ముందు చూడండి. ఎక్కడ పది రెట్లు, వంద రెట్లు తేడా మొదలైందో అక్కడే రోగం. పెద్ద లోడ్ తర్వాత, ఆప్టిమైజర్ అంచనాలకు వాడే గణాంకాలను తాజా చేసే అనలైజ్ ఆదేశం నడపండి. వేర్‌లో కాలమ్ మీద ఫంక్షన్ పెట్టకండి. బిల్లు తేదీ నుంచి నెల తీసి పోల్చితే ఆ కాలమ్ మీది మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఏప్రిల్ 1 నుంచి మే 1 లోపు అని రాస్తే పనికొస్తుంది.

కోడ్‌లా ముక్కలు చేసుకోవడం కష్టమన్నది ఇంకో లోటు. ఫంక్షన్లు, మాడ్యూళ్లు, టెస్టులు జావాలో ఉన్నంత సులువుగా ఇక్కడ లేవు. విత్‌తో పేర్లు పెట్టి మెట్లుగా రాస్తే చాలావరకు చదువుకోదగ్గదిగా ఉంటుంది. 1986 నుంచి ప్రమాణం ఉన్నా ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో యాస. ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ని నల్‌గా చూస్తుంది, మిగతావి చూడవు. స్టోర్డ్ ప్రొసీజర్లలో (డేటాబేస్ లోపలే ఉండి నడిచే ప్రోగ్రామ్‌లలో) వ్యాపార లాజిక్ అంతా పెడితే రేపు డేటాబేస్ మార్చడం దాదాపు కొత్తగా కట్టడమే. నేను ప్రొసీజర్లు వాడేది డేటా ఎక్కువగా కదిలే రాత్రి పనులకే. ఎస్‌ఎమ్ఎస్ పంపడం, పేమెంట్ గేట్‌వేని పిలవడం లాంటివి డేటాబేస్ లోపలి నుంచి చేయించకండి. అవతలి సర్వర్ నెమ్మదిస్తే మీ లాక్‌లు అంతసేపూ పట్టుకునే ఉంటాయి.

ఎస్‌క్యూఎల్ పాతబడిపోయిందన్న మాట మీ ప్రశ్నలోనూ ఉంది. ఈ మాట గతంలో ఒకసారి గట్టిగానే వినిపించింది. ఎస్‌క్యూఎల్ వాడని డేటాబేస్‌ల వరుస అప్పుడు మొదలైంది: గూగుల్ బిగ్‌టేబుల్ పేపర్ 2006లో, అమెజాన్ డైనమో పేపర్ 2007లో, మాంగోడీబీ 2009లో వచ్చాయి. వాటికి కారణాలు నిజమైనవే, ఒక మెషీన్‌లో పట్టని డేటా, ఆగిపోకూడని సర్వీసులు. తర్వాత ఏం జరిగిందో చూడండి. హడూప్ (డేటాను ఎన్నో మెషీన్లకు పంచి నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఎస్‌క్యూఎల్ లాంటి భాషతో హైవ్ వచ్చింది, స్పార్క్ ఎస్‌క్యూఎల్ వచ్చింది, కసాండ్రా తన భాషను ఎస్‌క్యూఎల్ పోలికతోనే చేసుకుంది, గూగుల్ స్పానర్ ఎస్‌క్యూఎల్ సిస్టమ్‌గా ఎలా మారిందో 2017లో పేపర్ రాసింది. మాంగోడీబీ 2018లో 4.0తో పలు డాక్యుమెంట్ల ట్రాన్సాక్షన్లు తెచ్చింది. ఒకే కీతో రాయడం, చదవడం మాత్రమే ఉండి, ట్రాఫిక్ విపరీతంగా ఉంటే కీ-వాల్యూ స్టోర్ మంచిదే. బిల్లులు, ఖాతాలు, స్టాక్ లాంటి వ్యాపారానికి మాత్రం నేను ఎప్పుడూ రిలేషనల్ డేటాబేస్‌తోనే, అంటే టేబుల్స్‌తో ఎస్‌క్యూఎల్ మీద నడిచేదానితోనే, మొదలుపెడతాను. జాయిన్లు లేని చోట జాయిన్ అవసరం పోదు, ఆ పని మీ కోడ్ మీద పడుతుంది.

పాండాస్ గురించి కూడా అడిగారు. అది డేటాను మెమరీలోకి తెచ్చుకుని పనిచేస్తుంది. రెండు కోట్ల బిల్లు లైన్లు ల్యాప్‌టాప్‌కి దించుకుని నెలవారీ మొత్తాలు తీయడం అనవసరపు శ్రమ. గ్రూప్ బై వేస్తే అవే కొన్ని వందల లైన్లుగా వస్తాయి. ఆ వందల లైన్ల మీద గ్రాఫులు, మోడళ్లు, అంచనాలు పాండాస్‌తో చేయండి. మీ దగ్గర ఫైళ్లు మాత్రమే ఉండి సర్వర్ లేకపోతే డక్‌డీబీ చూడండి, సీఎస్‌వీ మీద నేరుగా ఎస్‌క్యూఎల్ నడుస్తుంది.

ప్రోగ్రామింగ్ భాషేనా అన్నదానికి సాంకేతికంగా జవాబు అవుననే. రికర్సివ్ విత్‌తో ఏ లెక్కైనా సూత్రప్రాయంగా రాయొచ్చు. మీ పనికి ఆ చర్చ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఓఆర్ఎమ్ మానేయమని నేను చెప్పను. ఒక్కో రికార్డు తెరిచి మార్చి సేవ్ చేసే స్క్రీన్లకు అది హాయి. రిపోర్టులకు, గుంపు అప్‌డేట్లకు నేరుగా ఎస్‌క్యూఎల్ రాయండి, విలువలను ఎప్పుడూ పారామీటర్లుగానే పంపండి. యూజర్ టైప్ చేసినదాన్ని స్ట్రింగ్‌లో అతికిస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి, అంటే యూజర్ రాసిందే క్వెరీగా నడిచిపోయే దాడికి, తలుపు తీసినట్టే.

నేర్చుకునే క్రమం అడిగారు. జాయిన్లు, గ్రూప్ బై వచ్చు అంటున్నారు కాబట్టి అక్కడి నుంచి నల్, ఎగ్జిస్ట్స్. తర్వాత విండో ఫంక్షన్లు, దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి, మీ లూపుల్లో చాలావాటిని తీసేసేది ఇదే. తర్వాత ఇండెక్స్‌లు, ఎక్స్‌ప్లెయిన్. ఆ తర్వాత ఐసొలేషన్ లెవెళ్లు, అంటే ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లకు ఒకదాని మార్పులు ఇంకొకదానికి ఎంతవరకు కనిపించాలో చెప్పే సెట్టింగులు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ మామూలుగా రీడ్ కమిటెడ్‌లో నడుస్తాయి, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ (దాని మామూలు స్టోరేజ్ ఇంజిన్) రిపీటబుల్ రీడ్‌లో. ఒకే కోడ్ రెండింటి మీదా వేరుగా ప్రవర్తించడానికి ఇదొక కారణం.

మీరు ఏ డేటాబేస్, ఏ వెర్షన్ వాడుతున్నారో రాయలేదు. మైఎస్‌క్యూఎల్ 5.7 అయితే నేను పైన చెప్పిన విండో ఫంక్షన్లు, విత్ రెండూ అందులో లేవు, 2018లో వచ్చిన 8.0 నుంచే ఉన్నాయి. 5.7కి మద్దతు కూడా 2023 అక్టోబరులో ముగిసింది, కాబట్టి ముందు అప్‌గ్రేడ్ సంగతి మాట్లాడండి. వెర్షన్‌తో పాటు రిపోర్టులో బరువైన క్వెరీ ఒకటి, దాని ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఫలితం, టేబుల్స్‌లో ఉన్న ఇండెక్స్‌ల లిస్టు ఇక్కడ పెట్టండి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి పెట్టండి. చూసి ఏ భాగం క్వెరీలోకి పోవాలో, ఏది జావాలోనే ఉండాలో చెప్తాను.